పాచికలు, జైలు, ఒక దోస్తు: మిర్జా గాలిబ్ జీవితంలో మనం దాటేసే పేజీ

1847 మే నెల. ఢిల్లీలో కొత్వాలు ఫైజుల్ హసన్ ఖాన్ మనుషులు ఒక పెద్దింటి మీద దాడి చేశారు. లోపల జూదం నడుస్తోంది. ఆడేవాళ్లతో పాటు ఇంటి యజమానిని కూడా పట్టుకుపోయారు. ఆ యజమాని పేరు మిర్జా అసదుల్లా బేగ్ ఖాన్. లోకం ఆయన్ని మిర్జా గాలిబ్ అంటుంది. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్లు. ఉర్దూ దీవాన్ అచ్చయి ఆరేళ్లయింది. ఫార్సీలో ఆయనంతటి వాడు ఢిల్లీలో లేడని ఆయనకూ తెలుసు, చదువుకున్న వాళ్లకూ తెలుసు.

ఈ రోజు గాలిబ్ పేరు లేకుండా ముషాయిరా జరగదు. పెళ్లి పత్రికల్లో ఆయన షేర్లు, వాట్సాప్‌లో ఆయన షేర్లు. ఆయనవి కానివి కూడా ఆయన పేరు మీదే తిరుగుతుంటాయి. మామిడిపండ్ల జోకులు చెప్పుకుంటాం, మద్యం సంగతి నవ్వుతూ దాటేస్తాం. జైలు సంగతి దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలామంది పేజీ తిప్పేస్తారు. 1988లో దూరదర్శన్‌లో నసీరుద్దీన్ షా వేసిన సీరియల్ చూసినవాళ్లకు కొంత గుర్తుండొచ్చు. అసలు మన ఇళ్లకు ఎక్కువ పనికొచ్చే పేజీ అదే. పేరున్న మనిషి జూదంలో ఎలా పడ్డాడు, పడ్డాక ఎవరు పారిపోయారు, ఎవరు నిలబడ్డారు అన్నది అందులో ఉంది.

గాలిబ్ 1797 డిసెంబర్ 27న ఆగ్రాలో పుట్టారు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ సిపాయి పని చేసేవారు. లక్నోలో కొన్నాళ్లు ఉండి, తర్వాత మన హైదరాబాదుకు వచ్చి నిజాం అలీ ఖాన్ కొలువులో గుర్రపు దళంతో కొన్నేళ్లు పనిచేశారు. లోపలి గొడవల్లో ఆ కొలువు పోయింది. అక్కడి నుంచి రాజస్థాన్ వైపు అల్వార్ వెళ్లి, అక్కడే ఒక పోరులో చనిపోయారు. అప్పటికి గాలిబ్‌కు ఐదేళ్లు. బాబాయి నస్రుల్లా బేగ్ ఖాన్ చేరదీశారు. 1806లో ఆయన కూడా ఏనుగు మీది నుంచి పడి పోయారు. ఎనిమిదేళ్లకే రెండుసార్లు యతీమ్ అయినట్టు లెక్క.

తల్లి పుట్టింటివాళ్లు ఆగ్రాలో బాగా ఉన్నవాళ్లు. పెద్ద హవేలీ, తినడానికి లోటు లేదు, గట్టిగా అదుపు చేసేవాళ్లు మాత్రం లేరు. పిల్లాడికి గాలిపటాలు, చదరంగం, చౌసర్ అలవాటయ్యాయి. చౌసర్ అంటే మన పచ్చీసు లాంటిదే, పాచికలు వేసి గడుల్లో కాయలు నడిపే ఆట. పెద్దయ్యాక రాసిన ఒక ఉత్తరంలో గాలిబ్ ఆ రోజుల్ని ఇష్టంగా తలుచుకున్నారు. ఏ మేడ మీద నుంచి ఎవరి పతంగితో పేంచ్ వేసిందీ ఆయనకు గుర్తుంది. ఆ వయసులో అది ఆటే. అందులోకి డబ్బు ఎప్పుడు వచ్చిందన్నది ఏ ఇంట్లోనూ ఎవరూ తేదీ వేసి రాసుకోరు.

13 ఏళ్లకు నికాహ్ అయింది. అమ్మాయి ఉమ్రావ్ బేగం, వయసు 11. ఫిరోజ్‌పూర్ ఝిర్కా, లోహారు నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్‌కు ఆమె తండ్రి తమ్ముడు. ఆ తర్వాత కొద్ది కాలానికే గాలిబ్ ఢిల్లీకి మారిపోయారు, చివరిదాకా అక్కడే ఉన్నారు. సొంత ఇల్లు మాత్రం ఎప్పుడూ కొనలేదు, అద్దె ఇళ్లలోనే జీవితం గడిచింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. గాలిబ్ కథలో కవిత్వం ఎంత ముఖ్యమో పద్దులు కూడా అంతే ముఖ్యం. బాబాయి చనిపోయాక ఇంగ్లీషు వాళ్లు ఆయన కుటుంబానికి పింఛను ఏర్పాటు చేశారు, దాన్ని నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ ఇవ్వాలి. మొదట ఏడాదికి పది వేలు అన్నారు, తర్వాత ఇంకో కాగితం వచ్చి అది ఐదు వేలయింది. వాటాలు పంచగా గాలిబ్ చేతికి వచ్చేది ఏడాదికి 750 రూపాయలు. అంటే నెలకు 62 రూపాయల 8 అణాలు. ఆ డబ్బుతో ఒక మామూలు కుటుంబం ఆ రోజుల్లో మర్యాదగానే బతకొచ్చు. కానీ అత్తవారు నవాబులు. బయటికి వెళ్తే పల్లకీ ఉండాలి, ఇంట్లో నౌకర్లు ఉండాలి, సాయంత్రం సీసా ఉండాలి, అదీ విలాయతీది. ఆదాయం పింఛనుది, ఖర్చు నవాబుది. మధ్యలో ఉన్న గుంతను అప్పుతో పూడ్చారు.

ఇంట్లో సంతోషం కూడా నిలవలేదు. ఏడుగురు పిల్లలు పుట్టారు, ఒక్కరూ రెండేళ్లు కూడా బతకలేదు. ఒక్కగానొక్క తమ్ముడు మిర్జా యూసుఫ్‌కు మతి చెడింది. ఉమ్రావ్ బేగం నమాజు, రోజా విడవని మనిషి. భర్త తాగుడు వల్ల తన గిన్నెలు కూడా వేరుగా పెట్టుకున్నారని చెబుతారు. అయినా ఆ ఇల్లు విడిచి వెళ్లలేదు.

పింఛను కోసం గాలిబ్ 1826లో కలకత్తాకు బయలుదేరారు. వాటాలో అన్యాయం జరిగింది, గవర్నర్ జనరల్ దగ్గర తేల్చుకుంటానన్నది ఆయన పట్టుదల. దారిలో లక్నో, బాందా, బనారస్. 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు, 1829 నవంబర్‌లో తిరిగొచ్చారు. ఆ ప్రయాణం మొత్తం అప్పు మీదే. 1831లో కేసు కొట్టేశారు. అయినా ఆయన వదల్లేదు, అర్జీ మీద అర్జీ పెడుతూ వచ్చారు, ఆ అర్జీలు లండన్ దాకా వెళ్లాయి. గెలిస్తే పాత బాకీ మొత్తం వడ్డీతో వస్తుంది, అప్పులన్నీ ఒక్క దెబ్బతో తీరిపోతాయన్న ఆశతో ఏళ్లు గడిపారు. ఆలోచిస్తే ఇది కూడా ఒక రకం పందెమే. ఇంకొక్క పాచిక పడితే చాలు అనుకునే మనసు ఆయనకు కోర్టులోనే అలవాటయిందేమో అనిపిస్తుంది.

1830ల నడుమకు వచ్చేసరికి అప్పు 40 వేలు దాటింది. ఏడాదికి 750 వచ్చే మనిషికి 40 వేల అప్పు అంటే, ఒక్క పైసా తినకుండా మొత్తం కట్టినా 53 ఏళ్లు పడుతుంది. వడ్డీ వేరే. అప్పులవాళ్లు కోర్టుకెక్కితే ఐదు వేలకు డిక్రీ పడింది. పెద్దమనిషిని ఇంట్లోకి జొరబడి పట్టుకోకూడదన్న మర్యాద అప్పుడు ఉండేది కాబట్టి గాలిబ్ చాలా నెలలు గడప దాటలేదు. కావాలంటే చీకటి పడ్డాక బయటికి వచ్చేవారు. అంత గొప్ప కవి తన ఊళ్లోనే అప్పులవాళ్లకు కనబడకుండా దాక్కున్నారు.

ఉద్యోగం దొరికే అవకాశం ఒకసారి వచ్చింది. ఢిల్లీ కాలేజీకి ఫార్సీ పంతులు కావాలి. ఇంగ్లీషు అధికారి థామ్సన్ పిలిపించారు. గాలిబ్ పల్లకీలో వెళ్లి, అధికారి బయటికొచ్చి తీసుకెళ్తాడని గుమ్మం దగ్గర ఆగారు. దర్బారుకు వస్తే ఆ మర్యాద ఉంటుంది, నౌకరీకి వస్తే ఉండదని జవాబు వచ్చింది. నౌకరీ చేస్తే ఉన్న ఇజ్జత్ పెరగాలి గానీ తగ్గితే ఎందుకని గాలిబ్ వెనక్కి తిరిగారు. ఈ సంఘటనను చాలామంది ఆత్మగౌరవానికి ఉదాహరణగా చెబుతారు. కాదనలేం. కానీ ఇంట్లో ఉమ్రావ్ బేగం వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. అప్పులవాళ్లు గుమ్మం ముందు ఉండగా, నెల జీతం పల్లకీ ఎక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇక జూదం. చౌసర్ ఆయన ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. 1840 దాటాక అది ఇంకో రూపం తీసుకుంది. ఢిల్లీ బజారులోని డబ్బున్న వ్యాపారులు ఆయన ఇంటికి వచ్చి ఆడేవారు. ఆట ఎవరింట్లో జరిగితే గెలుపులో కొంత ఆ ఇంటివాళ్లకు ఇవ్వడం ఆనవాయితీ. ఓడినా గెలిచినా ఇంటికి మాత్రం ఆదాయమే. పెద్ద కవి, నవాబుల బంధువు, ఆ ఇంటి మీదకు పోలీసులు ఎలా వస్తారులే అన్న ధీమా అందరికీ ఉంది.

1841లో మొదటి దెబ్బ తగిలింది. అదే ఏడాది ఆయన ఉర్దూ దీవాన్ మొదటిసారి అచ్చయింది. అదే ఏడాది పోలీసులు ఇంటి మీద పడి జూదం కేసు పెట్టారు, 100 రూపాయలు జరిమానా వేశారు. ఢిల్లీ ఉర్దూ పత్రికలో వార్త కూడా వచ్చింది. జరిమానా కట్టేసి గాలిబ్ ఇంటికి వచ్చేశారు. అక్కడ ఆగి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఆగలేదు.

ఎందుకు ఆగలేదన్న దాని మీద రెండు మాటలున్నాయి. గాలిబ్ శిష్యుడు, ఆయన జీవితం మొదట వివరంగా రాసిన అల్తాఫ్ హుసేన్ హాలీ, మిర్జాకు చదరంగం, చౌసర్ అలవాటని, ఏదో పేరుకు కొంచెం పందెం పెట్టేవారని, కొత్వాలు పగ పట్టి కేసు పెట్టాడని రాశారు. తర్వాత పాత పత్రికలు, కాగితాలు వెతికిన పరిశోధకులు అది అంత చిన్న వ్యవహారం కాదని, ఇల్లే జూదశాల అయిందని తేల్చారు. కొత్వాలుకు పగ ఉండొచ్చు, ఇంట్లో జూదం కూడా నిజమే కావొచ్చు. పోలీసుకు పగ ఉన్నంత మాత్రాన ఆట ఆట కాకుండా పోదు. వ్యసనంలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ మాట బాగా తెలుసు, తప్పు ఎప్పుడూ పట్టించినవాడిదే అవుతుంది.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పుకోవాలి. ఇప్పుడు చౌసర్ పరిచే ఇల్లు అక్కర్లేదు, ఫోన్ చాలు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా క్రికెట్ బెట్టింగ్ ఆగలేదు. మన దీన్‌లో మద్యాన్నీ జూదాన్నీ ఒకే ఆయత్‌లో కలిపి హరామ్ అన్న సంగతి పిల్లాడికి కూడా తెలుసు. తెలిసినా మానలేని వాళ్లున్నారు, వాళ్లలో ఐదు పూటలా మసీదుకు వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. డాక్టర్లు దీన్ని వ్యసన రోగంగానే చూస్తున్నారు, వైద్యం ఉంది. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. గాలిబ్ కాలంలో ఇవేవీ లేవు. ఆ రోజుల్లో జూదగాడికి దొరికితే మనుషులు దొరకాలి, లేకపోతే జైలు.

1847లో రెండోసారి పట్టుబడ్డప్పుడు జరిమానాతో పోలేదు. ఆరు నెలల కఠిన శిక్ష, 200 రూపాయల జరిమానా. జరిమానా కట్టకపోతే ఇంకో ఆరు నెలలు. పైన 50 రూపాయలు కడితే చాకిరీ ఉండదు. మొత్తం 250 రూపాయలు, అంటే ఆయన నాలుగు నెలల పింఛను. బాద్షా బహదూర్ షా జఫర్ ఆయన్ని వదిలేయమని ఇంగ్లీషు వాళ్లకు సిఫార్సు పంపారు. కోర్టు వ్యవహారంలో తాము కలగజేసుకోలేమని వాళ్లు చెప్పేశారు. ఎర్రకోటలో బాద్షా మాటకు అప్పటికి మిగిలిన విలువ ఎంతో ఈ ఒక్క జవాబులోనే తెలిసిపోయింది.

ఊరంతా గుప్పుమంది. ఢిల్లీలోనే కాదు, దూరపు పత్రికల్లో కూడా వార్త వచ్చింది. అప్పటిదాకా ఇంటి చుట్టూ తిరిగిన స్నేహితులు మాయమయ్యారు. అత్తవారి వైపు లోహారు బంధువులు మా మనిషి అని చెప్పుకోవడానికి సిగ్గుపడి దూరం జరిగారు. ఈ దెబ్బ గాలిబ్‌కు శిక్షకంటే ఎక్కువ తగిలింది. ఆ తర్వాత రాసిన ఉత్తరాల్లో ఈ లోకంలో ఉండకుండా పోతే బాగుండు, ఉండక తప్పకపోతే హిందుస్తాన్‌లో ఉండకుండా పోతే బాగుండు అన్న ధోరణి కనిపిస్తుంది. రూమ్, ఈజిప్టు, ఇరాన్, బాగ్దాద్ పేర్లు తలుచుకున్నారు, కాబాలో తలదాచుకోవాలన్నారు. తన ముఖం తెలిసినవాళ్లు లేని చోటు కావాలి, అంతే. ఆ బాధ తెలిసిన కుటుంబాలు మన మధ్య కూడా ఉన్నాయి.

అప్పుడు ఒక మనిషి మాత్రం జైలు గేటు దగ్గరకు వచ్చారు. నవాబు ముస్తఫా ఖాన్, కలం పేరు షేఫ్తా. బులంద్‌షహర్ దగ్గర జహంగీరాబాద్ జాగీరు ఆయనది. గాలిబ్ కంటే తొమ్మిదేళ్లో ఎంతో చిన్న. ఉర్దూ కవుల మీద గుల్షనే బేఖార్ అనే తజ్కిరా రాసిన పండితుడు. కుర్రతనంలో ఆయన కూడా విలాసాల మనిషే, తాగినవాడే. తర్వాత తౌబా చేసి, హజ్‌కు వెళ్లొచ్చి, పరహేజ్‌గా బతుకుతున్నారు. లెక్క ప్రకారం గాలిబ్‌ను చూసి మొదట ముఖం తిప్పుకోవాల్సింది ఆయనే. హాజీ సాబ్, ఇజ్జత్‌దార్ నవాబు, జూదం కేసులో జైలుకెళ్లినవాడి కోసం ఎందుకు రావాలి?

ఆయన వచ్చారు. ఒక్కసారి కాదు, శిక్ష ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉన్నారు. కేసు ఖర్చులు తన చేతి నుంచి పెట్టారు, అప్పీలు కోసం తిరిగారు. జనం అడిగితే ఆయన చెప్పిన సమాధానం హాలీ రాసి పెట్టారు. దాని సారాంశం ఇది: గాలిబ్ భక్తిని చూసి తాను స్నేహం చేయలేదు, ఆయన గొప్పతనాన్ని, విద్యను చూసి చేశాడు. జూదం నింద ఈ రోజు వచ్చింది, తాగుతాడన్నది ఎప్పటి నుంచో తెలుసు. అప్పుడు తగ్గని గౌరవం ఇప్పుడు ఎందుకు తగ్గాలి?

ఇందులో ఒక సంగతి గమనించాలి. షేఫ్తా గాలిబ్ తప్పును ఒప్పు అనలేదు. ఏమీ జరగలేదని దాచలేదు. తాను విడిచిపెట్టినవి గాలిబ్ విడిచిపెట్టలేదని ఎత్తిపొడవనూ లేదు. ఒకప్పుడు అదే దారిలో నడిచి బయటపడ్డ మనిషికే అది చేతనవుతుంది కాబోలు. ఈ రోజు వ్యసనాల నుంచి బయటపడ్డవాళ్లు ఇంకొకరి పక్కన కూర్చుని మాట్లాడే కూటములు దేశదేశాల్లో ఉన్నాయి. షేఫ్తా ఆ పని ఏ పేరూ పెట్టకుండా చేశారు.

జైల్లో గాలిబ్‌కు భోజనం, బట్టలు ఇంటి నుంచి వచ్చేవి. చాకిరీ లేదు. అక్కడే ఫార్సీలో ఒక పొడుగాటి కవిత రాశారు, దాన్ని హబ్సియా అంటారు, జైలు కవిత అన్నమాట. సొంతవాళ్లు పరాయివాళ్లయిన బాధ అందులో ఉంది. ముస్తఫా ఖాన్ పేరు కూడా అందులో ఉంది. తాను చచ్చిపోయినా దిగులు లేదు, ఏడవడానికి అలాంటి మనిషి ఒకడున్నాడన్న భావం అక్కడ పెట్టారు.

మూడు నెలలు గడిచాక శిక్ష వేసిన మేజిస్ట్రేటే సిఫార్సు చేయడంతో విడుదలయ్యారు. బయటికొచ్చాక ఎక్కడికి వెళ్లాలి? ఇక్కడ రెండో మనిషి కనిపిస్తారు. మియాన్ నసీరుద్దీన్, అందరూ కాలే సాహెబ్ అంటారు, బాద్షాకు పీర్. ఆయన తన ఇంట్లో గాలిబ్‌కు చోటిచ్చారు. ఖైదు తప్పిందని ఎవరో ముబారక్ చెబితే గాలిబ్ తన అలవాటు ప్రకారం, ముందు గోరావాడి ఖైదులో ఉన్నానని, ఇప్పుడు కాలేవాడి ఖైదులో ఉన్నానని నవ్వించారట. నవ్వు తిరిగొచ్చిందంటే మనిషి కొంత కోలుకున్నట్టే. పీర్ సాహెబ్ ఇంట్లో పాచికల మజ్లిస్ పెట్టే వీలు ఉండదని వేరే చెప్పక్కర్లేదు. పాత ఇల్లు, పాత కూడిక, పాత వేళలు, అన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి.

మూడోది జీతం. 1850 జూలైలో, కాలే సాహెబ్, బాద్షా వైద్యుడు హకీం అహ్సనుల్లా ఖాన్ చొరవతో గాలిబ్‌కు కోట కొలువు దొరికింది. నజ్ముద్దౌలా, దబీరుల్ ముల్క్, నిజామ్ జంగ్ బిరుదులు ఇచ్చి, తైమూర్ వంశ చరిత్రను ఫార్సీలో రాసే పని అప్పగించారు. నెలకు 50 రూపాయలు. 52 ఏళ్ల వయసులో ఆయనకు వచ్చిన మొదటి ఉద్యోగం ఇది. జీతం ఆరు నెలలకోసారి ఇస్తామన్నారు. అప్పు మీద బతికేవాడికి అది ఎంత కష్టమో చెబుతూ, నెలనెలా ఇప్పించమని బాద్షాకు కవితలోనే అర్జీ పెట్టుకున్నారు. ఆరు నెలలు ఆగితే వడ్డీ ఎంత తినేస్తుందో ఆ అర్జీలో ఉంది. కామర్స్ పుస్తకంలో పెట్టదగ్గ కవిత అది. 1854లో ఉస్తాద్ జౌఖ్ చనిపోయాక బాద్షా కవిత్వం దిద్దే పని కూడా గాలిబ్‌కే వచ్చింది.

జైలు తర్వాత గాలిబ్ 22 ఏళ్లు బతికారు. మళ్లీ జూదం కేసులో ఆయన పేరు రాలేదు. ఆ 22 ఏళ్లలో రాసిన ఉత్తరాలు వందలు ఉన్నాయి. తాగుడు, అప్పు, రోగం, పింఛను, మామిడిపండ్లు, పోస్టు ఆలస్యం, అన్నీ దాచకుండా రాశారు. పందేల ముచ్చట మాత్రం వెనకబడిపోయింది. వలీ అయిపోయారని ఎవరూ అనరు. సీసా మానలేదు, అప్పు చేయడం మానలేదు. 1857 తర్వాత ఇంగ్లీషు కర్నల్ ముసల్మానువా అని అడిగితే సగం ముసల్మానునని, తాగుతాను గానీ పంది మాంసం తిననని చెప్పిన మనిషే. ఒకటి విడిచినవాడు అన్నీ విడుస్తాడని లేదు. అలాగని విడిచిన ఒక్కదాన్ని లెక్కలో వేయకపోవడం కూడా న్యాయం కాదు.

ఇంట్లో కష్టాలు ఆగలేదు. కొడుకులా పెంచుకున్న ఉమ్రావ్ బేగం అక్క కొడుకు ఆరిఫ్ 1852లో చిన్న వయసులోనే పోయారు. ఆయన ఇద్దరు పిల్లలు బాకర్ అలీ, హుసేన్ అలీలను గాలిబ్ దంపతులు తమ ఇంట్లో పెంచారు. పరుపు మీద మట్టికాళ్లతో ఎక్కే ఆ పిల్లల అల్లరి గురించి గాలిబ్ మురిపెంగా ఉత్తరాల్లో రాసేవారు.

1857లో ఢిల్లీ కూలిపోయింది. కోట కొలువు పోయింది, పింఛను ఆగింది. మతి చెడిన తమ్ముడు యూసుఫ్ ఆ గొడవల్లోనే చనిపోతే, బజారు మూసి ఉంది, కఫన్ బట్ట దొరకలేదు. ఇంట్లో తెల్లటి దుప్పట్లు తీసి చుట్టి, ఇరుగుపొరుగు సాయంతో పక్కనున్న మసీదు దగ్గర పాతిపెట్టారు. పటియాలా మహారాజు పెట్టిన కాపలా వల్ల బల్లీమారాన్‌లో గాలిబ్ ఉండే వీధి దోపిడీ నుంచి బయటపడింది.

ఈసారి జైలుకెళ్లింది షేఫ్తా. తిరుగుబాటుదారులతో కలిశాడన్న అనుమానం మీద ఇంగ్లీషు వాళ్లు పట్టుకుని ఏడేళ్ల శిక్ష వేశారు, జాగీరు లాగేసుకున్నారు. పదేళ్ల కిందట జైలు గేటు దగ్గరికి వచ్చిన మనిషి ఇప్పుడు లోపల ఉన్నారు. గాలిబ్ చేతిలో డబ్బు లేదు, అధికారుల దగ్గర పలుకుబడి లేదు, తన మీదే అనుమానం ఉంది. అప్పీలు మీద శిక్ష రద్దయి షేఫ్తా విడుదలై మీరట్‌లో ఉన్నారని 1859 మొదట్లో తెలిసింది. 61 ఏళ్ల గాలిబ్, చలికాలం, ఆరోగ్యం అంతంత మాత్రం. వెంటనే డాకు బండి ఎక్కి మీరట్ వెళ్లారు. దోస్తును చూసి, నాలుగు రోజులు ఉండి తిరిగొచ్చారు. కావాలని ఇల్లు కదలని మనిషి చేసిన ప్రయాణం అది. షేఫ్తాకు జాగీరులో సగం తర్వాత తిరిగి వచ్చింది.

1859 నుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపడం మొదలుపెట్టారు. 1860లో పాత పింఛను కూడా తిరిగొచ్చింది. కలిపితే నెలకు 162 రూపాయల 8 అణాలు, జీవితంలో అంత నిలకడ ఆదాయం ఆయన ఎప్పుడూ చూడలేదు. చూపు, వినికిడి మాత్రం తగ్గిపోతూ వచ్చాయి. రోజంతా ఉత్తరాలే. మన నెల్లూరు సీమ నుంచి వెళ్లి హైదరాబాదులో స్థిరపడ్డ హబీబుల్లా జకా కూడా ఆయన శిష్యుడే. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పోస్టులో గజళ్లు పంపడం, దిద్దించుకోవడం జరిగేది.

చివరి ఏడాది గాలిబ్‌ను పట్టి పీడించింది అప్పు భయమే. 800 రూపాయలు బాకీ ఉంది, అది తీర్చకుండా చనిపోతానేమోనని రాంపూర్ కొత్త నవాబు కల్బే అలీ ఖాన్‌కు పదే పదే రాశారు. 40 వేల నుంచి 800కు దిగిన అప్పు. ఆ 800 కూడా ఆయన ప్రాణానికి బరువైంది. 1869 ఫిబ్రవరి 15న ఢిల్లీలో కన్నుమూశారు. హజ్రత్ నిజాముద్దీన్ దర్గా దగ్గర, ఒకప్పుడు మొహం చాటేసిన ఆ లోహారు కుటుంబం స్థలంలోనే ఆయన ఖబర్ ఉంది. జనాజాకు ఢిల్లీ పెద్దలంతా వచ్చారు, షేఫ్తా ముందు వరసలో ఉన్నారు. అదే ఏడాది షేఫ్తా కూడా పోయారు. ఏడాది తిరిగేసరికి ఉమ్రావ్ బేగం కూడా వెళ్లిపోయారు.

హాలీ ఆ రోజుల్లో షేఫ్తా ఇంట్లో పిల్లలకు చదువు చెప్పేవారు. జహంగీరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉన్నారు. గాలిబ్ పోయిన 28 ఏళ్లకు, 1897లో, యాద్గారే గాలిబ్ అచ్చు వేయించారు. ఉస్తాద్ మీద అంత ప్రేమ ఉన్నవాడు జైలు సంగతి ఒక్కటి తీసేస్తే అడిగేవాళ్లు లేరు. హాలీ తీసేయలేదు. కేసు రాశారు, శిక్ష రాశారు, షేఫ్తా రాకపోకలు రాశారు.